పావలా మిత్తి, ముప్పావలా మిత్తి

పెద్దోడా, చిన్నోడా, చిన్నతల్లీ,

మొన్న సద్దుల బతుకమ్మకు అందరూ వచ్చినప్పుడు పెద్దోడు ఒక మాట అన్నాడు. "పెద్దమ్మా, నెలకు పదమూడు వేలు కిరాయి కడుతున్న. నీళ్లల్ల పోసినట్టే కదా? అదే లోన్ తీసుకుంటే ఇల్లన్నా మనదైతది" అని. ఇంటినిండా చుట్టాలున్నారు, నా చేతిలో సద్దుల గిన్నె ఉంది. తర్వాత మాట్లాడదాంలే అని ఊరుకున్నాను. మీరు వెళ్లిపోయాక కూడా ఆ మాట నా మనసులో తిరుగుతూనే ఉంది. అది నీ ఒక్కడి మాట కాదు బిడ్డా. మన నల్గొండలోనైనా పాలమూరులోనైనా పిల్లలకు కొలువు దొరికిన ఆర్నెల్లకే ఎవరో ఒకరు చెవిలో వేసే మాట అది. అందుకే రాస్తున్నాను. పక్కన పెన్ను, కాగితం పెట్టుకొని చదవండి.

మీరు శాతాల్లో చదువుకున్నారు. మేము మిత్తిలో పెరిగాం. మిత్తి అంటే నూరు రూపాయలకు నెలకు ఎంత అని. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. రూపాయి మిత్తిని మా ఊళ్లో ధర్మవడ్డీ అనేవాళ్లు. మూడు రూపాయలు అడిగేవాడి గడప తొక్కడానికి భయపడేవాళ్లు. బ్యాంకు ఏడాది లెక్క చెబుతుంది, షావుకారు నెల లెక్క చెబుతాడు, ఫోన్లో వచ్చే లోన్ యాప్ రోజు లెక్క చెబుతుంది. అన్నింటినీ ఒకే శేరుతో కొలిస్తే గానీ ఏది పిరమో, ఏది అగ్గువో తెలియదు. నేను ఏ అప్పునైనా మిత్తిలోకి మార్చి చూస్తాను.

ఇప్పుడు పెద్దోడి ఇల్లు చూద్దాం. నువ్వు కిరాయికి ఉంటున్నలాంటి ఫ్లాట్ ధర 50 లక్షలు అన్నావు. ఆ ధరకు బ్యాంకు 80 శాతం కన్నా ఎక్కువ ఇవ్వదు. అంటే అప్పు 40 లక్షలు, నీ చేతి నుంచి 10 లక్షలు. ఏడాదికి 9 శాతం, 20 ఏళ్లు అనుకుందాం. నెలకు కట్టాల్సింది దాదాపు 36,000. మొదటి నెల కట్టిన ఆ 36,000లో మిత్తికే 30,000 పోతుంది. అసలులో తగ్గేది 6,000. ఏడాది మొత్తం కట్టినా అసలు తగ్గేది 75,000 మాత్రమే. పదేళ్లు ఒక్క నెల తప్పకుండా కట్టి, 43 లక్షలు పోసిన తర్వాత కూడా ఇంకా 28 లక్షల 40 వేలు బాకీ ఉంటావు. ఈ లెక్క నేను రెండుసార్లు వేశాను. నువ్వూ వేసుకో.

ఇక మిత్తిలోకి మార్చు. బ్యాంకు తీసుకునే 9 శాతం అంటే నెలకు నూటికి 75 పైసలు, ముప్పావలా మిత్తి. నువ్వు కట్టే కిరాయి? 50 లక్షల ఇంటికి నెలకు 13,000 అంటే నూటికి 26 పైసలు. పావలా మిత్తి. ఇల్లుగలాయన 50 లక్షల సొత్తును నీ చేతికి అప్పగించి నెలకు పావలా మిత్తి తీసుకుంటున్నాడు. అదే ఇల్లు నీది కావాలంటే బ్యాంకు ముప్పావలా అడుగుతోంది. 2004 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాలకు పావలా వడ్డీ పథకం వచ్చినప్పుడు మా సంఘంలో లెక్కలు రాసేది నేనే. పావలాకు పైసలు దొరుకుతున్నాయంటే మా వాడకట్టులో ఆడవాళ్లు నమ్మలేక మళ్లీ మళ్లీ అడిగేవాళ్లు. అలాంటి పావలా నువ్వు కడుతూ నీళ్లల్ల పోస్తున్నానంటే నాకు మనసొప్పలేదు. కిరాయిని నీళ్లల్ల పోసినట్టంటే, మొదటి నెల కట్టే 30,000 మిత్తి కూడా అంతే కదా?

కిరాయి ఇంకొకటి కూడా ఇస్తుంది. అది మీకు ఎవరూ చెప్పి ఉండరు.

1986లో మీ పెద్దనాయినకు మర్రిగూడ దిక్కు పోస్టింగ్. మాకు దొరికిన ఇల్లు ఎంత బాగుండేదో! నాలుగు గదులు, వాకిట్లో జామచెట్టు, కిరాయి 80 రూపాయలు. ఏడాది తిరిగేసరికి ఇల్లుగలాయన "సార్, మీరే కొనుక్కోండి, 22,000 ఇవ్వండి చాలు" అన్నాడు. చుట్టాలందరూ కొనమనే చెప్పారు. నా పుస్తెలతాడు గిర్వి పెడదామని కూడా అనుకున్నాం. కానీ బడిలో పిల్లల పళ్ల మీద పసుపు చారలు, కొందరి మోకాళ్లు వంగిపోయి ఉండటం మీ పెద్దనాయిన రోజూ చూస్తున్నాడు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్. మీ అన్నకు అప్పుడు మూడేళ్లు. ఒక రాత్రి వాడికి నీళ్లు తాగిస్తూ లాంతరు వెలుగులో ఆ గ్లాసును పట్టుకొని చూశాను. ఏమీ కనిపించదు, తేటగా, చల్లగా ఉంటాయి ఆ నీళ్లు. రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చేశాం. నల్గొండలో మంచినీళ్ల నల్లా ఉన్న రెండు గదులు, కిరాయి 200. మీ పెద్దనాయిన బదిలీ అయ్యేదాకా ఏడాది పాటు బస్సులో తిరిగాడు. ఇల్లు కొని ఉంటే మేమూ అక్కడే ఆగిపోయేవాళ్లం. సొంత ఇల్లు, పొలం ఉన్నవాళ్లు కదలలేకపోయారు. వాళ్ల పిల్లల్లో కొందరిని తర్వాత బస్టాండులో చూసినప్పుడు నాకు మాట రాలేదు. 120 రూపాయలు ఎక్కువ కిరాయి కట్టి నేను కొన్నది రెండు గదులు కాదు బిడ్డా, కదిలే వీలు.

మీ కొలువులు కూడా అలాంటివే. ఈరోజు ఉప్పల్, రేపు పుణె, ఎల్లుండి ఎక్కడో. కాళ్లు నిలవని వయసులో 20 ఏళ్ల కట్టు ఎందుకు?

అలాగని సొంతిల్లు వద్దనడం లేదు. మేమూ కట్టుకున్నాం. 2004లో, ఇక బదిలీలు లేవని తెలిశాక, పిల్లల చదువులు ఇక్కడేనని తేలాక. అప్పటికి ఏడు ఇళ్లు మారాం. కిరాయి ఇంట్లో కష్టం నాకు తెలియనిది కాదు. ఇంటికి చుట్టాలు వస్తే నీళ్లు ఎక్కువ వాడుతున్నారని ఓనరమ్మ మోటారు బంద్ చేసిన రోజులున్నాయి. కిరాయి ఏటా పెరుగుతుంది, బ్యాంకు కిస్తీ దాదాపు అంతే ఉంటుంది. పదిహేనేళ్లు గడిస్తే పావలా, ముప్పావలా లెక్క తలకిందులు కావచ్చు. ముసలితనంలో ఎవరూ ఖాళీ చేయమనని ఇల్లు పెద్ద ధైర్యం. కాబట్టి కొనండి. కాకపోతే ఆ ఊళ్లో కనీసం పదేళ్లు ఉంటామని తెలిశాక కొనండి. కిస్తీ చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకూడదు. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో విడిగా ఉండాలి.

ఇంకొక మాట, చాలా ముఖ్యమైనది. చేతి నుంచి పెట్టే ఆ 10 లక్షలు మీ సొంత పొదుపు అయి ఉండాలి. మన దిక్కు ఏం చేస్తున్నారంటే, ఆ పైసలు మేనమామ దగ్గరో, తెలిసినవాళ్ల దగ్గరో రెండు రూపాయల మిత్తికి నోటు రాసి తెస్తున్నారు. 10 లక్షలకు నెలకు 20,000 మిత్తి! దాని మీద బ్యాంకు కిస్తీ 36,000. రిజిస్ట్రేషన్‌కు మన రాష్ట్రంలో నూటికి ఏడున్నర వేరే. గృహప్రవేశం నాడు మామిడి తోరణం కట్టిన ఇంట్లో భార్యాభర్తలు రాత్రంతా నిద్ర లేకుండా కూర్చోవడం నేను చూశాను.

ఇల్లు కొన్నాక చేతిలో నాలుగు పైసలు ఎక్కువుంటే అసలులో కట్టండి. మారే వడ్డీ ఉన్న ఇంటి అప్పును ముందే తీరిస్తే జరిమానా వేయకూడదని 2012లో రిజర్వు బ్యాంకు చెప్పింది. ఏడాదికి ఒక్క కిస్తీ ఎక్కువ కట్టినా ఈ 20 ఏళ్ల అప్పు మూడేళ్లకు పైగా ముందే తీరుతుంది. మేము పీఆర్సీ (జీతాల సవరణ) బకాయిలు వచ్చినప్పుడల్లా అసలుకే కట్టాం.

చిన్నోడా, ఇక నీ బండి. 90,000 ఫైనాన్స్, పది శాతమే పెద్దమ్మా అని సంబరంగా చెప్పావు. నెలకు 3,250 చొప్పున 36 నెలలు. అంటే మొత్తం 1,17,000. ఏడాదికి 9,000 చొప్పున మూడేళ్లకు 27,000 మిత్తి వేశారు. కానీ నువ్వు ప్రతి నెలా అసలు తీరుస్తూనే ఉన్నావు కదా? ఆఖరి నెలలో నీ బాకీ 3,250కు మించి ఉండదు. అప్పుడు కూడా 90,000 మీదే మిత్తి తీసుకుంటున్నారు. తగ్గుతున్న బాకీ మీద లెక్క కడితే నీ పది శాతం దాదాపు 18 శాతం. రూపాయిన్నర మిత్తి.

ఈ రూపాయిన్నర దగ్గర నాకు మా నాయిన గుర్తొస్తాడు. మీ తాతను మీరు చూడలేదు. కల్వకుర్తి దగ్గర మా ఊరు. వానలు లేని ఏడు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇచ్చి, మనుషులను డ్యాముల పనికి తీసుకుపోయేవాడు. పాలమూరు లేబర్ అని దేశమంతా తెలిసింది ఇలా పోయినవాళ్ల వల్లే. 1968లో మా నాయిన 300 రూపాయలు అడ్వాన్సు తీసుకొని ఎనిమిది నెలలు పోయాడు. తిరిగొచ్చిన రోజు రేకు పెట్టెలోంచి మడత పెట్టిన చీటీ తీసి, చదువుకుంటున్నది నేనొక్కదాన్నే కాబట్టి, నా చేతికిచ్చాడు. పెన్సిల్‌తో రాసి ఉంది. పనికి 564. అడ్వాన్సు 300. ఖురాకి, అంటే తిండి ఖర్చు, 210. మిత్తి 36. మిగిలింది 18. మూడుసార్లు చదివించుకున్నాడు. నేను తప్పు చదువుతున్నానేమోనని. 300కు ఎనిమిది నెలల్లో 36 అంటే రూపాయిన్నర మిత్తి అని నాకు అప్పుడు లెక్క రాదు. ఆ 300 ఆయన పోకముందే గింజలకు, పాత బాకీలకు అయిపోయాయి. చేయని పనిని ముందే అమ్ముకున్నాడు. ఆయనకు వేరే దారి లేదు, ఇంట్లో తినడానికి లేదు.

మీకు దారి ఉంది. కిస్తీ మీద ఫోన్ కొన్నా, టీవీ కొన్నా, మీరు రాబోయే నెలల జీతం ముందే అమ్ముకుంటున్నారు. బండి అవసరమే, ఆఫీసుకు పోవాలి, నేను కాదనను. ఫోన్ మాత్రం పాతది పనిచేస్తుండగానే మార్చావు. "జీరో పర్సెంట్" అని కూడా అన్నావు. సున్నా వడ్డీ అనేదే లేదని 2013లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు రాసింది. మిత్తి ప్రాసెసింగ్ ఫీజులోనో, రొక్కానికి కొంటే వచ్చే డిస్కౌంట్ ఇవ్వకపోవడంలోనో ఉంటుంది. రొక్కానికి ఎంత అని అడిగి చూడు.

క్రెడిట్ కార్డు గురించి మీ ముగ్గురికీ చెబుతున్నాను. గడువులోపు మొత్తం కడితే మంచి వస్తువే. కట్టకపోతే కొన్ని కార్డుల మీద నెలకు మూడున్నర శాతం దాకా పడుతుంది. మన భాషలో మూడున్నర రూపాయల మిత్తి. ఊళ్లో ఏ షావుకారైనా ఇంత అడిగితే పంచాయితీ పెట్టేవాళ్లు. 40,000 బాకీ ఉంటే "2,000 కడితే చాలు" అని మెసేజ్ వచ్చిందనుకో. అందులో 1,400 మిత్తి, దాని మీద జీఎస్టీ 252. అసలుకు పోయేది 348. టెన్షన్ తగ్గించే మెసేజ్‌లా కనిపిస్తుంది గానీ, 40,000 అట్లాగే కూర్చొని ఉంటుంది.

చిట్టీల గురించి కొంచెమే చెబుతాను, ఎందుకంటే అది ఇప్పటికీ బాధ. మా వీధిలో ఒకామె దగ్గర నెలకు 500 చొప్పున 14 నెలలు కట్టాను. పదిహేనో నెల ఇంటికి తాళం. మీ అన్న ఇంటర్ ఫీజు కోసం దాచినవి అవి. చిట్టీ వేయాలంటే 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టర్ అయిన దాంట్లో వేయండి, నంబర్ అడిగి తీసుకోండి. తెలిసిన మనిషి అన్నది చాలదు, ఆమె నాకు బాగా తెలిసిన మనిషే. హైవే పక్కన వెంచర్ల ప్లాట్లకూ అంతే. గుంటల లెక్కన వ్యవసాయ భూమి అమ్మి ప్లాటు అంటారు. లేఅవుట్ అనుమతి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్, ఈసీ (ఆ భూమి మీద తాకట్టులు, లావాదేవీలు చూపే పత్రం) చూడకుండా బయానా ఇవ్వొద్దు.

చిన్నతల్లీ, నువ్వు హాస్టల్ వదిలి స్నేహితురాళ్లతో ఇల్లు తీసుకుంటానన్నావు. మంచిదే. అగ్రిమెంట్ మీ ముగ్గురి పేర్ల మీదా రాయించండి, ఒక్కరి పేరు మీద వద్దు. పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని అడిగావు కదా, ఏడాది దాటితే కిరాయి పత్రాన్ని రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది, పదకొండు నెలల అలవాటు అక్కడి నుంచే వచ్చింది. అడ్వాన్సు ఫోన్‌పే చేయండి, చేతికివ్వొద్దు. దిగిన రోజే గోడలు, నల్లాలు, కరెంటు మీటరు ఫొటోలు తీసి ఓనర్‌కు పంపండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఎంత కోస్తారో ఇప్పుడే రాయించుకోండి. అన్నింటికన్నా ముందు నీళ్లు ఎలా వస్తాయో పక్కింటివాళ్లను అడుగు. ఓనర్‌ను కాదు.

దీపావళికి వస్తున్నారు కదా. పెద్దోడు ఆ ఫ్లాట్ కాగితాలు, చిన్నోడు బండి ఫైనాన్స్ కాగితం, చిన్నతల్లి అగ్రిమెంట్ నకలు పట్టుకొని రండి. 1983 నుంచి నేను రాసిన జమాఖర్చుల పుస్తకాలు అటక మీది నుంచి దింపి దుమ్ము దులిపి పెట్టాను. 1987 పుస్తకంలో మర్రిగూడ ఇంటి కిరాయి 80, దాని కిందే నల్గొండ ఇంటి కిరాయి 200 నా చేతిరాతతో ఉన్నాయి. వాకిట్లో మంచం వేసుకొని నలుగురం కూర్చుందాం. చెట్టు బత్తాయిలు అప్పటికి పండుతాయి.

మీ పెద్దమ్మ
నల్గొండ