చేతికంటిన రెజిన్, వంటింటి నూనె

చిరంజీవులైన మనుమలకు, మనుమరాండ్రకు తాత ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులలో మీరు హనుమకొండ ఇంట్లో తాళంచెవుల గొలుసులకు రెజిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే జిగట ద్రవం) బిళ్లలు పోస్తుండగా, "రంగులేసే అన్న, రంగు పలుచన చేసే థిన్నర్‌తో చేతులు కడుక్కుంటాడు కదా, నన్నెందుకు ముట్టనివ్వవు తాతా?" అని చిన్నది అడిగింది. బస్సుకు వేళయిపోవడంతో అప్పుడు చెప్పలేకపోయిన జవాబును ఇప్పుడు రాస్తున్నాను.

చేతికంటుకున్న జిగట అలిగి కూర్చున్న చుట్టం వంటిది. ముక్కూ మొహం తెలియనివాడు పిలిస్తే ఆ చుట్టం మంచం దిగడు. తన వైపువాడు వచ్చి బతిమాలితేనే కదులుతాడు. రెజిన్‌కు నీళ్లు పరాయివి, నూనె అయినవాడు. ఆ నూనెను మళ్లీ సాగనంపడానికి సబ్బు కావాలి, ఎందుకంటే దానికి ఇటు నూనెతోనూ అటు నీళ్లతోనూ చుట్టరికం ఉన్నది, పెండ్లిపెద్ద అన్నమాట. థిన్నర్ కూడా చుట్టమే, కాదనను. కానీ అది అలిగినవాణ్ణి ఒక్కణ్ణే వెంటబెట్టుకొని పోదు, ఇంట్లో సామానంతా మూటగట్టుకొని పోతుంది. చర్మానికి సహజంగా ఉండే నూనెపొరను తోడేసి, ఇంకా గట్టిపడని రెజిన్ లోపలికి దిగడానికి దారి ఇస్తుంది. ఆ రెజిన్ ఒకసారి ఒంటికి పడకుండా అయిందంటే, తరువాత చుక్క తగిలినా దద్దుర్లు లేస్తాయి. థిన్నర్లలో తరచుగా ఉండే టోలుయీన్ ఆవిరి తలనొప్పినీ, కళ్లు తిరగడాన్నీ తెస్తుంది. కర్మాగారాలలో లోహాల జిడ్డు వదిలించడానికి ఏళ్ల తరబడి వాడిన ట్రైక్లోరోఇథిలీన్ అనే మరో ద్రావణం మనుషులకు కేన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది.

మా చిన్నతనంలో ఈ సీసాలేవీ లేవు. ఎండాకాలం ములుగు దారిలోని తోటలో పచ్చి మామిడికాయలు తెంపితే, తొడిమ దగ్గర చిమ్మిన సొన వేళ్ల మధ్య నల్లగా అట్ట కట్టేది, పెదవి అంచున మంట పుట్టేది. బావి దగ్గర ఎంత తోమినా పోని ఆ మరకకు మా నాయనమ్మ నువ్వుల నూనె రుద్ది, కాసేపు ఆగి, కుంకుడు రసంతో కడిగేది. చినిగిన పుస్తకాలకు మేము పూసుకునే తుమ్మబంక మాత్రం ఉత్త నీళ్లకే కరిగిపోయేది. రెండూ చెట్టు నుంచి వచ్చినవే, రెండూ జిగటలే, అయినా ఒకదాని చుట్టాలు వేరు, మరొకదాని చుట్టాలు వేరు.

మీరు చేయవలసినది ఇంతే. చేతికి తొడుగు వేసుకోండి. రెజిన్ అంటితే ముందుగా పొడి కాగితంతో తుడవండి, సగం పని అక్కడే తీరుతుంది. తరువాత వంటనూనె, ఆ తరువాత సబ్బు, గోరువెచ్చని నీళ్లు. పుల్లలకూ పనిముట్లకూ వెనిగర్ పనికివస్తుంది. దానిని చర్మానికి రాయవద్దు. రెజిన్ కలిపిన సిలికాన్ గిన్నెను అసలు కడగనే కడగవద్దు. మిగిలిన రెజిన్ అందులోనే గట్టిపడితే మరునాడు గిన్నెను వంచి పొరలాగా ఒలిచేయవచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్ థిన్నర్ కంటే మెరుగే కానీ, సుమారు 12 డిగ్రీల వేడికే, నిప్పు తగిలితే దాని ఆవిరి అంటుకోగలదు, మన చలికాలపు పగలు కూడా అంతకంటే వెచ్చన. కనుక అది పెద్దవాళ్ల పని, అదీ పొయ్యికి దూరంగా, ఆరుబయట. పూర్తిగా గట్టిపడిన రెజిన్ ఇల్లరికం వెళ్లిన అల్లుడితో సమానం. ఏ చుట్టం పిలిచినా రాదు, గీకవలసిందే.

నూనె వంటి చుట్టం ఒకటి పండ్ల తొక్కలలో కూడా ఉన్నది. సంత్రా తొక్కలోని లిమొనీన్‌ను రసం తీసే మిల్లుల తొక్కల నుంచి రాబట్టి, జిడ్డు, జిగట వదిలించే ద్రావణాలలో కలుపుతున్నారు. అది కూడా మండేదే, కొందరి చర్మానికి పడనిదే, అయినా దాని వింత మీరు చూడాలి. నాగపూర్ సంత్రాలు బజారులో ఉండగానే ఒక బుగ్గను (బెలూన్‌ను) బిగువుగా ఊది, ముఖానికి దూరంగా పట్టుకొని, దాని మీదికి తొక్కను మడిచి పిండండి. తుంపర పడిన చోటనే చూపు నిలపండి. ఏమయిందో నాకు రాయండి.