మోటారు ప్రమాద పరిహారం: తొలి విడత సొమ్ము తుది రాజీగా ఎలా మారింది

రోడ్డు ప్రమాదంలో కాలు విరిగి మంచంమీదున్న మనిషికి బీమా కంపెనీ నుంచి రాజీ కబురు వస్తే, ఇంట్లో అందరూ ముందు అడిగేది ‘ఎంతిస్తారట?’ అనే. ఈ డబ్బు తీసుకున్నాక మళ్లీ అడిగే హక్కు ఉంటుందా అన్నది ఎవరికీ వెంటనే తోచదు. ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు చాలా సందర్భాల్లో లేదు.

మన దేశంలో మోటారు వాహనాల చట్టం 1939లో వచ్చింది. థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల దెబ్బతిన్న ఎదుటివారికి పరిహారమిచ్చే బీమా, తప్పనిసరి అయింది మాత్రం 1946లో. అప్పట్లో పరిహారం కావాలంటే సివిల్ దావా వేయాలి, కోర్టు ఫీజు కట్టాలి, డ్రైవర్‌దే తప్పని రుజువు చేయాలి. 1956 సవరణతో ఈ పరిహారం కేసుల కోసమే ప్రత్యేక ట్రిబ్యునళ్లకు దారి పడింది. తెలుగు రాష్ట్రాల కోర్టుల్లో ఎంవీఓపీ అని పిలిచేది ఈ ట్రిబ్యునళ్ల ముందు వేసే పిటిషన్లనే. దావా ఖర్చు తప్పింది గానీ వాయిదాలు తప్పలేదు.

అందుకే 1982లో ఇంకో సవరణ తెచ్చారు. తప్పెవరిదని అడగకుండా మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలు ఇవ్వాలన్నారు. ఆ సొమ్ము తీసుకున్నా అసలు పిటిషన్ నడుస్తూనే ఉండేది; చివర్లో వచ్చేదాంట్లోంచి దీన్ని మినహాయించేవారు. అంటే అది అడ్వాన్స్ లాంటిది. 1988 చట్టంలోని 140వ సెక్షన్ కూడా ఈ పద్ధతినే కొనసాగించింది.

అదే 1982లో గుజరాత్‌లోని అప్పటి జునాగఢ్ జిల్లా ఊనాలో, ఇరుపక్షాలకూ రాజీ కుదిర్చే లోక్ అదాలత్ మొదలైంది. 1987లో చేసిన న్యాయ సేవల చట్టం 1995 నవంబర్‌లో అమల్లోకి వచ్చి దానికి చట్టబలం ఇచ్చింది. అక్కడ కుదిరిన రాజీ సివిల్ డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. బహు పరిమితమైన కారణాలపై హైకోర్టులో రిట్ వేయడం తప్ప మార్గం లేదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో ఇంకో మాటా ఉంది: లోక్ అదాలత్‌కు తనంతట తాను తీర్పు చెప్పే అధికారం లేదు. నచ్చకపోతే ఒప్పుకోనక్కర్లేదు, ఫైలు తిరిగి కోర్టుకే వెళుతుంది. ఈ సంగతి తెలియక, పెద్దవాళ్లు చెప్పారు కదా అని సంతకం పెట్టేవాళ్లు ఉంటారు.

2019 సవరణతో లెక్క మారింది. 140వ సెక్షన్ పోయింది. కొత్త 164వ సెక్షన్ ప్రకారం తప్పుతో నిమిత్తం లేకుండా మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇస్తారు. బీమా కంపెనీ అధికారి 30 రోజుల్లో రాజీ ప్రతిపాదన పెట్టవచ్చని 149వ సెక్షన్ చెబుతుంది. వేగం మంచిదే. కానీ ఆ పద్ధతిలో 164 కింద సొమ్ము తీసుకుంటే ట్రిబ్యునల్లోని పిటిషన్ రద్దయిపోతుంది.

ఇక్కడే గాయాల కేసు మరణం కేసుకు భిన్నం. మరణాల విషయంలో 2009 నాటి సరళా వర్మ, 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పులు లెక్కను చాలావరకు ఖరారు చేశాయి. గాయం కేసులో గొడవంతా వైకల్య శాతం దగ్గరే. డాక్టర్ రాసిన శాతాన్నే సంపాదన నష్టంగా తీసుకోకూడదని రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. ఎడమ చెయ్యి పోతే డ్రైవర్‌కో వడ్రంగికో బతుకుతెరువే పోవచ్చు, ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగం నిలవొచ్చు. ఉదాహరణకు నెలకు 15,000 సంపాదించే 32 ఏళ్ల మనిషి అనుకుందాం. గుణకం, అంటే ఏడాది సంపాదనను ఎన్ని రెట్లు చేయాలో వయసును బట్టి చెప్పే అంకె, 16. సంపాదన నష్టం 20 శాతమంటే 5,76,000 వస్తుంది, 40 శాతమంటే 11,52,000. చికిత్స ఖర్చు, బాధకిచ్చే సొమ్ము వేరే. రాడ్డు ఇంకా ఎముకలోనే ఉండగా ఆ శాతం ఎంతో ఎవరు చెప్పగలరు? పైగా ట్రిబ్యునల్ ఒకసారి తుది అవార్డు (పరిహారం తీర్పు) ఇచ్చాక రేపటి ఆపరేషన్ కోసం మళ్లీ అవార్డు ఇవ్వడానికి చట్టంలో చోటు లేదని నాగప్ప కేసు తీర్పు చెప్పింది. రాబోయే ఖర్చును ముందే అంచనా వేసి కలుపుకోవాలి.

నా మటుకు, ఎముక అతికి, పనిలోకి వెళ్లి, వైకల్యం మిగలని కేసులో రాజీయే మేలు. అప్పీళ్ల టెన్షన్ ఉండదు. చికిత్స ముగియకుండా, డిజేబిలిటీ సర్టిఫికెట్ చేతికి రాకుండా రాజీ పడటమే నష్టం. ఇక రోడ్డుమీదే పదో పరకో పుచ్చుకుని కేసు లేకుండా చేసుకోవడం మరీ దారుణం. ఎఫ్ఐఆర్ లేకపోతే తర్వాత ప్రమాదం జరిగిందని నిరూపించడమే కష్టమవుతుంది.

అలాగని ఊరికే ఆగడానికీ లేదు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో పిటిషన్ వేయాలన్న నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి మళ్లీ వచ్చింది. దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు కూడా. ఆ గడువులోపే పిటిషన్ వేసి, చికిత్స పూర్తయ్యాక రాజీ మాట్లాడుకోవచ్చు. పెండింగ్‌లో ఉన్న కేసును ఏ దశలోనైనా లోక్ అదాలత్‌కు పంపమని అడగవచ్చు.