గొడుగు కాదు, గిన్నె

న్యూజెర్సీలో ఉండే మా అక్క కూతురు మొన్న వాట్సాప్‌లో ఓ ఫొటో పంపింది. అడవిదారి పక్కన పుచ్చిన కొమ్మ మీద సెంటీమీటరు ఎత్తు గోధుమరంగు గిన్నెలు. బయటంతా నూగు, లోపల నిలువు చారలు, అడుగున బూడిదరంగు గుడ్లు. "మామయ్యా, ఇంత చిన్న పిట్ట ఉంటుందా?"

పిట్ట లేదు, అది సయాథస్ స్ట్రయాటస్ అనే పుట్టగొడుగు. తోలుముక్కలా ఉంటుంది, కూరకు పనికిరాదు. అసలు 'గొడుగు' అనడమే తప్పు. గొడుగు వానను ఆపుతుంది, ఇది వాన కోసం నోరు తెరుచుకుని కూర్చుంటుంది.

బడిలో గొడుగు బొమ్మ గీయించి, విత్తనాల్లాంటి సిద్ధబీజాలు గాలికి ఎగిరిపోతాయని చెప్పి వదిలేశారు. దీని సిద్ధబీజాలు మాత్రం ఒకటి రెండు మిల్లీమీటర్ల ఆ గుడ్లలో బందీలు. గాలికి కదలవు. పెద్ద చినుకు గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చి గిన్నెలో పడితే, నీళ్లు ఏటవాలు గోడల వెంబడి పైకి చిమ్మి గుడ్డును ఎగరేస్తాయి. 2013లో హైస్పీడ్ కెమెరాతో చూస్తే గుడ్డు వేగం సెకనుకు 1 నుంచి 5 మీటర్లు అని తేలింది. చినుకు శక్తిలో 2 శాతం కూడా దానికి దక్కదు. అయినా మీటరు దూరం పోగలదు!

అసలు తమాషా తర్వాతే. కరెంటు తీగకు చిక్కిన గాలిపటం కోసం పిల్లలు దారానికి రాయి కట్టి విసురుతారు కదా? రాయి తీగ దాటిపోతుంది, దారం ఆగుతుంది, రాయి గిర్రున తిరిగి చుట్టుకుంటుంది. గుడ్డు కిందా ఓ బుల్లి సంచిలో దారం మడతపెట్టి ఉంటుంది. ఎగిరేటప్పుడు దారం ముడుచుకునే ఉంటుంది. దాని కొసన జిగురు. అది ఏ పుల్లకో అంటుకుందా, దారం సాగి, గుడ్డు అక్కడే చుట్టుకుని ఆగిపోతుంది.

ఆ దారాన్ని చూస్తే లోపల స్ప్రింగు ఉందని ఎవరికైనా అనిపిస్తుంది. చినుకే స్ప్రింగని కెనడాకు చెందిన శాస్త్రవేత్త హెరాల్డ్ బ్రాడీ 20వ శతాబ్దంలో ప్రయోగాలు చేసి చూపించాడు. ఉరుము ఉరిమితేనే పుట్టగొడుగు లేస్తుందని మా నాయనమ్మ అనేది. ఉరుము సంగతేమో గానీ, దీనికి వాన కావాలన్నది మాత్రం నిజం.

పిల్ల డ్రాపరుతో మీటరు ఎత్తు నుంచి చుక్కలు వేసిందట, ఒక్క గుడ్డూ కదల్లేదు. చినుకు పూర్తి వేగం అందుకోవాలంటే చాలా మీటర్లు పడాలి. రెండో అంతస్తు బాల్కనీ నుంచి వెయ్యమన్నాను. గురి కుదరడమే కష్టం, గిన్నె నోరు సెంటీమీటరు కూడా లేదు.