వాన వెలిసినా ఊరుతుండే మందు

చిత్తూరు నుంచి ఒక అమ్మాయి అడిగింది. "మా నాన్నకు గుండె దడకని అమియోడరోన్ వాడారు. ఆపేసి రెండు నెలలైంది. అయినా థైరాయిడ్, లివర్ టెస్టులు చేయించమంటున్నారు. మాత్రే వేసుకోనప్పుడు టెస్టులెందుకు సార్?" చివర్లో ఇంకో మాట కూడా రాసింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అమ్మా, మీ జిల్లాలో చెరువు చూడని వాళ్లుండరు. ఎండాకాలం నెర్రెలిచ్చిన చెరువులో మొదటి వాన నీళ్లు నిలవవు, నేలే తాగేస్తుంది. నేల తడిసి, లోపలికి దిగాకే కింది బావుల్లో ఊట మొదలవుతుంది. వాన వెలిశాక మాత్రం ఆ ఊట నెలల తరబడి ఆగదు. అమియోడరోన్ అచ్చం ఇలాగే నడుస్తుంది. వాన మాత్ర, బావి రక్తం, నేల మన కొవ్వు, కాలేయం, ఊపిరితిత్తులు.

అందుకే మొదట్లో ఎక్కువ ఇస్తారు. వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో 200 మిల్లీగ్రాముల మాత్రలు మొదటి వారం రోజుకు మూడు, రెండో వారం రెండు, ఆపైన ఒకటి. రెండు వారాల్లో 35 మాత్రలు, అంటే 7 గ్రాములు నేలకే పోతాయి. ఇక్కడే ఒక ప్రమాదముంది. ఏ తేదీ నుంచి తగ్గించాలో చీటీలో రాయకపోతే ఇంట్లోవాళ్లు నెలల తరబడి రోజుకు మూడే వేస్తారు. ఆ తేదీ రాయించుకోండి.

పారాసెటమాల్‌లో సగం రెండు మూడు గంటల్లో ఒంట్లోంచి పోతుంది. అమియోడరోన్‌లో సగం పోవడానికి సగటున 58 రోజులు! కొందరిలో 15, కొందరిలో 142. క్లాసులో దీన్ని అర్ధాయువు అని ఒక అంకెగా బట్టీ పట్టిస్తాం. మీ నాన్నగారి ఒంట్లో ఆ అంకెకు అర్థం ఇది: సగటు లెక్కన రెండు నెలలకు సగం ఇంకా ఉంది, ఆరు నెలలకు ఎనిమిదో వంతు ఉంటుంది. డయాలసిస్ చేసినా ఈ మందు బయటికి రాదు.

ఈ మందు బరువులో 37 శాతం అయోడిన్. రోజుకు ఒక మాత్ర వేసుకుంటే అందులోంచి సుమారు 6 మిల్లీగ్రాముల అయోడిన్ విడుదలవుతుంది. మనిషికి కావాల్సింది 150 మైక్రోగ్రాములు. నలభై రెట్లు! థైరాయిడ్ మందగించనూ వచ్చు, రెచ్చిపోనూ వచ్చు. అందుకే మొదలుపెట్టే ముందు, తర్వాత ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష), లివర్ పరీక్షలు చేస్తారు. ఆపాక కూడా కొన్ని నెలలు చూస్తారు.

1961లో బెల్జియంలో దీన్ని తయారుచేసింది ఛాతీ నొప్పికి. గుండె లయను సరిచేసే గుణాన్ని 1970 ప్రాంతంలో బ్రహ్మ సింగ్ కుందేలు గుండె మీద పరిశోధించి చూపించారు. ఇంత పనిచేసే మందును నేను తప్పుపట్టడం లేదు, కనిపెట్టుకుని వాడమంటున్నాను.

మన ఊళ్లలో దడ వస్తే దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు. చాలామందిలో ఈ దడ దానంతటదే వచ్చి దానంతటదే పోతుంది. తగ్గిన పేరు తాయెత్తుకు దక్కుతుంది. దడ ఉన్నప్పుడే తీసిన ఈసీజీ ఒక్కటి ఉంటే డాక్టరుకు ఎంత మేలో!

రక్తం పలచబరిచే వార్ఫరిన్ కూడా వాడుతుంటే అమియోడరోన్ దాని బలాన్ని పెంచుతుంది. మూడో వంతు నుంచి సగం దాకా వార్ఫరిన్ తగ్గించాల్సి రావచ్చు, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష తరచూ చూడాలి. అమియోడరోన్ ఆపాక ఊట తగ్గేకొద్దీ డోసు మళ్లీ మారుతుంది. జ్వరానికని మెడికల్ షాపులో సొంతంగా అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కొనొద్దు. అది అమియోడరోన్‌తో కలిస్తే గుండె లయ ప్రమాదకరంగా తప్పొచ్చు. చిత్తూరు ఎండలో గొడుగు లేకుండా తిరగొద్దని కూడా చెప్పండి, ఈ మందున్న చర్మం తొందరగా కమిలిపోతుంది.

ఇక నువ్వు చివర్లో రాసిన మాట. "వారం నుంచి పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. చల్లగాలి పడలేదేమో." అమ్మా, నాకు టెన్షన్ పుట్టించింది ఆ మాటే. ఈ మందు ఊపిరితిత్తులను దెబ్బతీయగలదు, ఆపిన తర్వాత కూడా. అది చల్లగాలే కావచ్చు. కానీ దగ్గు మందు తాగించి కూర్చోకుండా రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. ఏ తేదీన మొదలుపెట్టారో, ఎప్పుడు ఆపారో, రోజుకెన్ని మాత్రలో ఒక కాగితం మీద రాసి, ఛాతీ ఎక్స్‌రే అడిగే ముందే ఆ కాగితం ఆయన చేతిలో పెట్టు.