ఎమ్మెల్యే లెటర్ ఉంటే పనైపోయినట్టేనా? అర్జీలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎమ్మెల్యే లెటర్ ఇచ్చారు, ఇక పనైపోయినట్టే.

వాస్తవం: లెటర్ సిఫార్సు మాత్రమే. గుంటూరులో ఒక వీధికి సైడు కాలువ కావాలనుకోండి. ఇంజనీరింగ్ వాళ్లు కొలతలు తీసి ఎస్టిమేట్ వేయాలి, ఏ పద్దు కింద డబ్బులున్నాయో చూడాలి, అనుమతులు రావాలి, ఆపైన టెండరు. ఎస్టిమేట్ లేని లెటర్ ఎవరో ఒకరి బల్ల మీద కాగితంగానే మిగిలిపోతుంది. అందుకే ముందు వార్డు సచివాలయంలో అమెనిటీస్ సెక్రటరీని (రోడ్లు, కాలువల పనులు చూసే ఉద్యోగి) పట్టుకుని కొలతలు వేయించండి. ఎస్టిమేట్ తయారయ్యాక దాని వివరాలు రాసి లెటర్ అడగండి, అప్పుడు ఆ సంతకానికి బరువొస్తుంది.

ఎంపీ నిధులూ అంతే. ఏడాదికి 5 కోట్లు అనగానే ఆ సొమ్మంతా ఎంపీ చేతిలో ఉంటుందనుకుంటారు. ఆయన పని సూచిస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. గుడి ఆవరణలో షెడ్డుకు అడిగితే ఎంత దగ్గరివాళ్లకైనా రాదు.

అపోహ: సోమవారం కలెక్టరేట్‌లో వందల సంతకాలతో అర్జీ ఇస్తే కదులుతుంది.

వాస్తవం: సంతకాలు పేపర్లో ఫొటోకి బాగుంటాయి. అర్జీ కంప్యూటర్లోకి ఎక్కాక ఏదో ఒక శాఖకు వెళ్తుంది. రోడ్డు, కరెంటు స్తంభం, రేషన్ కార్డు మూడూ ఒకే కాగితంలో రాస్తే ఒకదానికి జవాబు రాసి మొత్తం మూసేసే ప్రమాదం ఉంది. ఒక అర్జీ, ఒకే సమస్య. డివిజన్ నంబరు, వీధి, ఎవరింటి దగ్గర్నుంచి ఎక్కడి దాకా, ఎన్ని మీటర్లు, దగ్గర్లోని స్తంభం నంబరు. పేజీ దాటొద్దు. రసీదు నంబరు చేతికి రాకుండా బయటికి రావొద్దు. ఆ నంబరుతో ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1100కు ఫోన్ చేస్తే అర్జీ ఎక్కడుందో తెలుస్తుంది. పని జరక్కుండానే 'పరిష్కరించాం' అని మూసేస్తే, తేదీ కనబడే ఫొటో జతచేసి మళ్లీ తెరిపించండి. చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు.

అపోహ: సమాచార హక్కు కింద 'ఎందుకు చేయలేదు?' అని నిలదీయొచ్చు.

వాస్తవం: అలా అడిగితే 'ఇది సమాచారం కిందికి రాదు' అని తిప్పి పంపుతారు. కాగితాలు అడగండి: ఎస్టిమేట్ నకలు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, ఫైల్లో అధికారులు రాసిన నోట్లు. ఆంధ్రప్రదేశ్‌లో దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేసుకోవాలి.

అపోహ: అసెంబ్లీలో ప్రశ్న వేయించడం కాలక్షేపం.

వాస్తవం: మంత్రి సభలో 'చేస్తాం' అన్న మాటను అసెంబ్లీలోని ప్రభుత్వ హామీల కమిటీ వెంటాడుతుంది. ప్రెస్‌మీట్‌లో అన్న మాటకు అలాంటి కాపలా లేదు.

అపోహ: భూమి తీసుకోవాలనో, పరిశ్రమ పెట్టించాలనో ప్రభుత్వం అనుకున్నాక ధర్నా తప్ప దారి లేదు.

వాస్తవం: ధర్నా కన్నా ముందే అభ్యంతరాల గడువు ఉంటుంది, అది తెలియక పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. 2013 భూసేకరణ చట్టంలో ప్రాథమిక నోటిఫికేషన్ తర్వాత 60 రోజులు. పరిశ్రమలపై ప్రజాభిప్రాయ సేకరణకైతే కనీసం 30 రోజుల ముందు నోటీసివ్వాలి. అమరావతి భూసమీకరణలో (భూమికి బదులు ప్లాట్లు ఇచ్చే పద్ధతి) అంగీకారానికి 9.3, అభ్యంతరానికి 9.2 ఫారాలు పెట్టారు. నోటిమాటగా వద్దన్నది రికార్డుకెక్కదు. 'భూమి ఇవ్వం' అన్న నినాదం కాకుండా సర్వే నంబరు, విస్తీర్ణం, బోరు, చెట్ల లెక్క, వేరే దారి ఏముందో రాయండి. ప్రజాభిప్రాయ సేకరణలో మైకులో మాట్లాడింది కాగితం మీదా ఇవ్వండి. చివర్లో సారాంశం తెలుగులో చదివి వినిపించాలి, అప్పటిదాకా కుర్చీ వదలొద్దు. మీ మాట అందులో లేకపోతే అక్కడికక్కడే లేచి అడగాలి.

అపోహ: కృష్ణా-గుంటూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు ఒకసారి నమోదైతే చాలు.

వాస్తవం: మామూలు ఓటరు జాబితాలా కాదు. ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారుచేస్తారు. అర్హత తేదీ నవంబరు 1 నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటి ఉండాలి, నమోదు దరఖాస్తు ఫారం 18 మళ్లీ నింపాలి. పోయినసారి ఓటేశాం కదా అని ఊరుకుంటే పోలింగ్ రోజు జాబితాలో పేరు కనబడదు.