నలభై దాటిన ఉద్యోగినుల దుస్తులు: అపోహలు - వాస్తవాలు

ఉద్యోగం చేసే మహిళలకు బట్టలు ఎంపిక చేసి, అవి ఒంటికి కుదిరేలా సరిచేయించడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నలభైకీ అరవైకీ మధ్య వయసువాళ్లే. డాక్టర్లు, లాయర్లు, లెక్చరర్లు, మేనేజర్లు. ఎంతోమందికి దారి చూపించే హోదాలో ఉన్నవాళ్లు. అలాంటివాళ్లు కూడా బీరువా తలుపు తీయగానే "నాకేం నప్పుతుందో నాకే తెలియడం లేదు" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే చాలాసార్లు వాళ్ల అభిరుచిలో ఏ లోపమూ ఉండదు. ఎవరో ఎప్పుడో చెప్పగా విని, పాటిస్తూ వచ్చిన కొన్ని సూత్రాలు ఆ అభిరుచిని కప్పేసి ఉంటాయి.

అపోహ: నా సైజు నాకు పట్టడం లేదంటే లోపం నా ఒంట్లోనే ఉంది

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే అపోహ ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. అమెరికా వ్యవసాయ శాఖ తరఫున రూత్ ఓబ్రయన్, విలియం షెల్టన్ అనే ఇద్దరు 1939-40లో దాదాపు 15,000 మంది మహిళల కొలతలు తీయించారు. ఒక్కొక్కరికి 59 కొలతలు. చివరికి లెక్కలోకి తీసుకున్నది మాత్రం తెల్లజాతి స్త్రీల కొలతలనే. 1958లో అక్కడ వచ్చిన సైజుల ప్రమాణానికి ప్రధాన ఆధారం ఆ లెక్కలే. 1983లో ప్రభుత్వం ఆ ప్రమాణాన్ని కూడా ఎత్తేసింది. ఇప్పుడు ఒక్కో కంపెనీ తాను ఎంచుకున్న మోడల్ ఒంటిమీద ఒక సైజు కుదుర్చుకుని, మిగతా సైజులను దాన్నుంచి లెక్క ప్రకారం పెంచుకుంటూ, తగ్గించుకుంటూ పోతుంది. ఒక కంపెనీ మీడియం సరిగ్గా పట్టే మనిషికి ఇంకో కంపెనీ ఎక్స్‌ఎల్ బిగుతుగా ఉండటానికి కారణం అదే. లేబుల్ మీది సైజు చూసి కుంగిపోవాల్సిన పని లేదు.

మరి ఒళ్లు మారలేదా అంటే, మారింది. మెనోపాజ్, అంటే నెలసరి ఆగిపోయే దశ, దగ్గరపడేకొద్దీ ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గుతుంది, అంతకుముందు తుంటి, తొడల దగ్గర చేరే కొవ్వు పొట్ట చుట్టూ చేరడం మొదలవుతుంది. బరువులో తేడా లేకపోయినా నడుము కొలత పెరగవచ్చు. నలభై దాటాక ప్రతి పదేళ్లకూ మనిషి ఎత్తు సుమారు 1 సెంటీమీటరు తగ్గుతుంది. ఆ తగ్గేది ఎక్కువగా వెన్నులోనే. అంటే కాళ్లూ చేతులూ అంతే ఉంటాయి, మొండెం మాత్రం పొట్టిదవుతుంది. పాత కొలతలతో కుట్టిన బట్ట నడుము దగ్గర కుప్పపడినట్టు ఉండేది అందుకే.

అప్పుడు చాలామంది ఒక సైజు పెద్దది కొంటారు. పొట్ట దగ్గర హాయిగానే ఉంటుంది గానీ భుజాలు జారిపోతాయి, మెడ వదులవుతుంది, మొహం డీలాపడినట్టు కనిపిస్తుంది. పైబట్టను ఎప్పుడూ భుజాన్ని బట్టి ఎంచుకోండి. భుజం కుట్టు భుజం ఎముక చివరికి వచ్చి ఆగాలి. పొట్ట దగ్గర చోటు కావాలంటే కిందికి వెళ్లేకొద్దీ వెడల్పయ్యే కట్ గానీ, పక్క చీలికలున్నది గానీ చూడండి. ప్యాంటుకి ఈ లెక్క వేరు. పొట్ట, తుంటి, ఈ రెండింటిలో ఎక్కడ వెడల్పు ఎక్కువో అక్కడ సరిపోయేది కొని, మిగిలిన నడుము వదులును టైలరు చేత పట్టించండి. చేతుల పొడవు, పక్క కుట్లు, కింది అంచు తేలిగ్గా అయిపోయే పనులు. భుజం విప్పి కుట్టడమంటే దాదాపు కొత్తది కుట్టినంత పని.

అపోహ: ఛాతీ దగ్గర ముడతలు పడుతుంటే వదులు చేయిస్తే సరిపోతుంది

వాస్తవం: వదులు చేయించే ముందు అద్దం దగ్గర పక్కకి తిరిగి డార్టు చూడండి. డార్టు అంటే చదునైన గుడ్డకు ఛాతీ ఒంపు తెప్పించడానికి మడిచి వేసే ఆ కోణం కుట్టు. దాని కొన ఛాతీలో బాగా ముందుకొచ్చిన బిందువు వైపే చూస్తూ, దానికి 2 నుంచి 3 సెంటీమీటర్ల ఇవతలే ఆగాలి. వయసుతో ఆ బిందువు కిందికి దిగుతుంది. డార్టు మాత్రం పాత చోటే ఉంటుంది. దాంతో కొన దగ్గర గుడ్డ బుడగలా ఉబ్బుతుంది, దాని కింద అడ్డంగా లాగినట్టు గీతలు పడతాయి. ఇప్పుడు వదులు చేయిస్తే ఉబ్బు అలాగే ఉంటుంది, చుట్టూ సంచిలా వేలాడుతుంది. చేయించాల్సిందల్లా డార్టును కిందికి దింపడమే. అంతకంటే ముందు బ్రా మార్చి చూడండి. భారాన్ని మోసేది ప్రధానంగా భుజం పట్టీలు కావు, వీపు చుట్టూ తిరిగే పట్టీ. అది బిగువుగా ఉంటే ఛాతీ మళ్లీ డార్టు ఎత్తుకు వచ్చేసి, టైలరు అవసరమే లేకుండా పోయిన సందర్భాలు నా పనిలో చాలా ఉన్నాయి.

వీపు వైపు కూడా ఇలాంటిదే ఒక సమస్య ఉంది. ఏళ్ల తరబడి కంప్యూటర్ ముందు వంగి కూర్చున్నవాళ్లకు మెడ కింద వీపు కొంచెం గుండ్రంగా అవుతుంది. బట్ట వెనక్కి జారుతూ, ముందు మెడ గొంతుకి తగులుతూ ఉంటుంది. వెనక అంచు ముందు అంచు కంటే పైకి లేస్తుంది. రోజంతా ముందుకి లాక్కుంటూనే ఉంటారు. కుట్టించుకునేటప్పుడు వెనక మెడ నుంచి నడుము దాకా, ముందు మెడ నుంచి నడుము దాకా పొడవులు విడివిడిగా తీయమని అడగండి. ముందు కొలతనే వెనక్కీ వాడేసే టైలర్లు చాలామంది ఉన్నారు.

అపోహ: చంక దగ్గర ఎంత వదులుంటే చెయ్యి అంత తేలిగ్గా లేస్తుంది

వాస్తవం: సరిగ్గా దీనికి వ్యతిరేకం. చంక కట్ కిందికి దిగేకొద్దీ చెయ్యి ఎత్తినప్పుడు బట్ట మొత్తం దాంతోపాటు పైకి లేస్తుంది. ఒంటికి దగ్గరగా, పైకి ఉన్న చంక కట్‌లో చెయ్యి ఒక్కటే కదులుతుంది, బట్ట నిలబడిన చోటే ఉంటుంది. బోర్డు మీద రాసేవాళ్లు, ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసేవాళ్లు ఈ ఒక్క మార్పుతో ఎంత తేలికపడతారో నేను కళ్లారా చూశాను.

అపోహ: అడ్డచారలు లావుగా చూపిస్తాయి

వాస్తవం: జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1867లోనే చెప్పాడు: అడ్డగీతలతో నింపిన చతురస్రం అసలు కంటే పొడవుగా, సన్నగా కనిపిస్తుందని. 2011లో బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దుస్తులు వేసిన బొమ్మలతో పరీక్షించి చూస్తే అడ్డచారల వల్ల లావుగా కనిపించడం రుజువు కాలేదు. నచ్చితే వేసుకోండి.

అపోహ: ఏం వేసుకోవాలో తోచకపోతే నలుపు వేసుకుంటే చాలు

వాస్తవం: నలుపు అంటే నాకూ ఇష్టమే. కానీ అది అందరికీ, అన్ని వయసుల్లో, మెడ దాకా క్షేమకరమైన రంగు కాదు. లేత రంగు బట్ట మీద పడిన వెలుతురులో కొంత తిరిగి మొహం మీదికి వస్తుంది. నలుపు ఆ వెలుతురును మింగేస్తుంది. కళ్ల కింద నీడలు ఉన్నవాళ్లకు అవి ఇంకా ముదిరినట్టు కనిపిస్తాయి. జుట్టు నెరిసేకొద్దీ జుట్టుకీ చర్మానికీ మధ్య ఉండే తేడా కూడా మారిపోతుంది కాబట్టి, ముప్పై ఏళ్లప్పుడు మొహానికి కళ తెచ్చిన రంగు ఇప్పుడు తేకపోవచ్చు. అప్పుడు నప్పనిది ఇప్పుడు బాగా నప్పవచ్చు కూడా. వెండి జుట్టు పక్కన ముదురు నీలం, వంకాయ రంగు, నెమలికంఠం రంగు ఎంత నిండుగా ఉంటాయో! నలుపు మానలేకపోతే కింది బట్టకు ఉంచుకోండి, లేదా మెడ కొంచెం తెరిచి ఉన్నది వేసుకోండి. రంగును ట్రయల్ రూమ్ లైటు కింద నమ్మకండి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడండి. ఒక దీపం కింద ఒకేలా కనిపించిన రెండు రంగులు ఇంకో దీపం కింద వేరుగా కనిపించడం మామూలే.

అపోహ: హుందాగా కనిపించాలంటే ఉక్కపోతను భరించాల్సిందే

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. మెనోపాజ్ వైపు సాగే దశ సాధారణంగా 45, 55 ఏళ్ల మధ్య మొదలై ఏళ్ల తరబడి ఉంటుంది. మీటింగ్ మధ్యలో ఉన్నట్టుండి ఒంట్లోంచి వేడి ఆవిరి ఎగదన్నుతుంటే, మందపాటి పాలియెస్టర్‌లో బిగదీసుకుని కూర్చోమనడం ఏం న్యాయం? మామూలు గాలిలో పాలియెస్టర్ తన బరువులో 0.4 శాతం తేమను మాత్రమే పీలుస్తుంది. నూలు 7, 8 శాతం, ఉన్ని 16 శాతం దాకా పీలుస్తాయి. అందుకే పల్చటి ఉన్ని బ్లేజర్ చాలామంది అనుకునేంత వేడిగా ఉండదు. బ్లేజర్ పైగుడ్డ పేరు ఒక్కటే చూసి కొనకండి, లోపల లైనింగ్ దేనిదో లేబుల్ మీద చదవండి. బయట ఉన్ని, లోపల నిలువెల్లా పాలియెస్టర్ అయితే లాభం లేదు. సగం లైనింగ్ వేసినవి, అసలు వేయనివి దొరుకుతాయి. లోపల వేసుకునేది మాత్రం ఒంటరిగా కూడా పదిమందిలో నిలబడగలిగేదిగా ఉండాలి. వేడి పుట్టినప్పుడు బ్లేజర్ తీసి కుర్చీకి తగిలించడానికి సంకోచం ఉండకూడదు.

అపోహ: నలభై దాటాక కొన్ని వేసుకోకూడదు

వాస్తవం: అలాంటి జాబితా ఏదీ లేదు. చేతుల్లేనిదైనా, మెరిసే రంగైనా నేను అడిగేది ఒక్కటే. వేసుకున్నాక దాన్ని ఎన్నిసార్లు సర్దుకుంటున్నారు?

అపోహ: బట్టలు మారిస్తే ఆత్మవిశ్వాసం దానంతట అదే వస్తుంది

వాస్తవం: 2012లో అమెరికాలో హాయో ఆడమ్, ఆడమ్ గాలిన్‌స్కీ ఒక అధ్యయనం ప్రచురించారు. డాక్టర్ కోటు వేసుకున్నవాళ్లు ఏకాగ్రత పరీక్షలో తక్కువ తప్పులు చేశారని అందులో తేలింది. అప్పటినుంచీ బట్టల గురించి మాట్లాడే ప్రతివాళ్లూ దాన్నే ఉదహరిస్తున్నారు. 2019లో వేరే పరిశోధకులు ఎక్కువమందితో అదే పరీక్ష మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. అది చెప్పేవాళ్లు తక్కువ. పదోన్నతి రానందుకు మీ బట్టలే కారణమని ఎవరైనా అంటే నమ్మకండి. నా పనిలో నేను నమ్మకంగా చెప్పగలిగేది దానికంటే చిన్న విషయం: మీ దృష్టిని లాగేసే బట్ట వేసుకుంటే ఆ దృష్టి పని మీద ఉండదు.

అపోహ: సొంత శైలి కావాలంటే బీరువా ఖాళీ చేసి మళ్లీ కొనాలి

వాస్తవం: నేను మొదట కొనిపించను. ఇష్టంగా, పదే పదే తీసి వేసుకునే బట్టలు కొన్ని ఉంటాయి కదా, వెలిసిపోయినవైనా సరే, వాటిని మంచం మీద పరచమంటాను. ఒక లెక్చరరు అలా పరిచినవాటిలో రంగులకి పోలికే లేదు. ఒకటి ఇటుక రంగు, ఒకటి బూడిద రంగు, ఒకటి పచ్చ. కానీ మూడింటికీ పొట్టి నిలువు కాలరు ఉంది, చేతులు మోచేతికి రెండు వేళ్ల కింద ఆగాయి, గుడ్డ కాస్త బరువుగా, పడిన చోట పడేలా ఉంది. బీరువాలో వేసుకోకుండా మిగిలిపోయినవి దాదాపు అన్నీ వెడల్పు మెడవి. "మెడ పొట్టిగా ఉన్నవాళ్లు కాలరు వేసుకోకూడదన్నారు" అందామె. ఏళ్లుగా తనకు నచ్చినదాన్ని పక్కన పెట్టి, మెడకు మంచిదన్నదాన్ని కొంటూ వచ్చింది. ఆమెకు కాలరు నప్పుతోంది, ఆ మూడు బట్టల్లో ఆమె నడిచే తీరే వేరుగా ఉంది.

మీరు కూడా రంగు, ఖరీదు వదిలేసి మెడ, చెయ్యి, పొడవు, గుడ్డ బరువు, ఈ నాలుగూ చూడండి. రెండు మూడు చోట్ల కలిసినవి కాగితం మీద రాసుకోండి. పొడవు చేతులున్న పాతవాటిని ఆ కొలతకు కత్తిరించవచ్చు. వెడల్పుగా కోసేసిన మెడను మాత్రం తిరిగి పైకి తేలేరు, వాటిని ఇచ్చేయండి. కొత్తది కుట్టించేటప్పుడు బాగా నచ్చిన ఆ పాత బట్టను టైలరు దగ్గరికి తీసుకెళ్లండి. మెడ, చేతులు దాన్ని చూసి తీసుకోమనండి. నడుము, వెనక పొడవు, డార్టు ఎత్తు మాత్రం ఇప్పటి ఒంటిమీదే కొలవమనండి.