జాతి కోడికీ కొక్కెర వస్తుంది: పెరటి కోళ్ల గురించి అపోహలు - వాస్తవాలు

పోయిన వారం రాత్రి పదిన్నరకి ఫోన్ మోగింది. "అక్కా, పుంజు మెడ వెనక్కి తిప్పేసుకుని గుండ్రంగా తిరుగుతోంది, పెట్టలు రెండు పచ్చగా పారుతున్నాయి, ఏం మందు వెయ్యాలి?" కొత్తగా కోళ్లేమైనా తెచ్చావా అని అడిగాను. తెచ్చిందట. పన్నెండు రోజుల కిందట, అసీల్ అనే పందెం జాతి కోళ్ల జత, ఇరవై రెండు వేలు పెట్టి. టీకాలు వేయించారా అంటే, "జాతి కోళ్లకి అక్కర్లేదన్నారక్కా, హేచరీ పిల్లలకే కావాలట" అంది, ఏడుస్తూ. కొక్కెరకి, అదే రాణిఖేత్ అనే వైరస్ తెగులుకి, మందు లేదని ఆ రాత్రి వేళ చెప్పడానికి నాకు నోరు రాలేదు, కానీ చెప్పాలి కదా. బాగున్నవాటిని దూరంగా వేరే చోటికి మార్చమని, పొద్దున్నే పశువుల డాక్టరు గారి దగ్గరకి వెళ్లమని చెప్పి ఫోన్ పెట్టాను. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు.

మాది జంగారెడ్డిగూడెం వైపు. పదకొండేళ్లుగా మదర్ యూనిట్ నడుపుతున్నాను. హేచరీ నుంచి ఒక రోజు వయసు పిల్లల్ని తెచ్చి, అయిదు వారాలు వెచ్చగా ఉంచే బ్రూడింగ్‌లో పెంచి, టీకాలు వేసి, ఊళ్లలో పెరటి పెంపకానికి ఇస్తాను. ఇవి కాక మా మామయ్య గారి కాలం నుంచి వస్తున్న అసీల్ కోళ్లు కూడా పదీ పన్నెండు ఎప్పుడూ ఉంటాయి. అంటే హేచరీ పిల్ల సంగతీ తెలుసు, జాతి కోడి సంగతీ తెలుసు. రెండింటి మీదా ప్రేమ ఉంది కాబట్టే ఇది రాస్తున్నాను.

అపోహ: హేచరీ పిల్లలే రోగాల పుట్ట, బ్రీడర్ దగ్గర కొన్న జాతి కోడికి ఏ తెగులూ రాదు.

ఈ ఒక్క మాట మా చుట్టుపక్కల ఖాళీ చేసినన్ని గంపలు నక్కలూ ముంగిసలూ కలిసినా ఖాళీ చేసి ఉండవు. మాట ఎక్కడ పుట్టిందో నాకు అర్థమవుతుంది. నాటు కోడి ఎండకి తట్టుకుంటుంది, దొడ్లో తిరిగి తన మేత తను ఏరుకుంటుంది, గద్ద నీడ పడితే చాలు పిల్లల్ని రెక్కల కిందకి లాక్కుంటుంది. ఇవన్నీ నిజాలే. దాంతో ఊరి కోడి గట్టిది, దానికి రోగం రాదు అనేసుకుంటాం. కొక్కెర వచ్చిన ఏడాది ఊళ్లో యాభై చచ్చిపోయి అయిదు మిగిలితే, మనకి కనబడేవి ఆ అయిదే. చచ్చిన యాభై కూడా నాటువే అన్న సంగతి మర్చిపోతాం. రాణిఖేత్ వైరస్ కోడి తాతముత్తాతల్ని అడిగి రాదు. పుంజు రంగు డేగ అయినా, కాకి అయినా, నెమలి అయినా దానికి ఒకటే.

అసలు విషయం నమ్మకానికి పూర్తిగా ఎదురుగా ఉంటుంది. పద్ధతిగా నడిచే హేచరీలో తల్లి కోళ్లకి ముందే టీకాలు పడతాయి. ఆ తల్లి రక్తంలోని రక్షణ పచ్చసొన ద్వారా పిల్లకి వస్తుంది, మొదటి రెండు వారాలు కాస్త కాపాడుతుంది. టీకా ఎరగని పెట్ట కింద పొదిగిన పిల్లకి టీకా ఇచ్చే ఆ రక్షణ ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకొకటి తెల్లపారుడు, అంటే పుల్లోరం అనే బాక్టీరియా జబ్బు. అది తల్లి నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లలోకి వస్తుంది. మంచి హేచరీల్లో తల్లి కోళ్ల రక్తం పరీక్ష చేసి, ఉన్నవాటిని తీసేస్తారు. పెరట్లో ఇరవై కోళ్లు పెంచే బ్రీడర్ ఆ పరీక్ష చేయించడం నేనింతవరకు చూడలేదు.

మారెక్స్ సంగతి ఇంకా బాధగా ఉంటుంది. నాలుగైదు నెలలు ముద్దుగా పెంచిన కుర్ర పుంజు ఉన్నట్టుండి ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి చాపి పడిపోతుంది. దిష్టి తగిలిందంటారు, ఎవరో చేతబడి చేశారంటారు, నూనె రాసి కట్టు కడతారు. అది మారెక్స్ అనే వైరస్ జబ్బు. దాని టీకా పుట్టిన రోజునే, హేచరీలోనే, మెడ చర్మం కింద వేయాలి, పెద్దయ్యాక వేస్తే ఫలితం ఉండదు. ఆ టీకా వందల డోసుల సీసాలో వస్తుంది, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. ఎనిమిది పిల్లలు దిగిన బ్రీడర్ దాని కోసం సీసా కొంటాడా? కొనడు. అది అతని మోసం కాదు, చిన్న పెంపకంలో కుదరని పని. కానీ కొనేవాళ్లకి ఈ సంగతి తెలియాలి.

నాకూ ఇది చదువుకుంటే రాలేదు. ఏడేళ్ల కిందట సంక్రాంతి వెళ్లిన వారానికి గోదావరి అవతల ఒక పెంపకందారు దగ్గర పింగళ రంగు పుంజు, పెట్ట కొన్నాను. మెరిసిపోతున్నాయి, కన్ను చురుగ్గా ఉంది, కాళ్లు ఇనుప కడ్డీల్లా ఉన్నాయి. ఆ సాయంత్రమే తెచ్చి మా కోళ్లలో వదిలేశాను. నలభై ఆరు కోళ్లు ఉండేవి అప్పుడు. తొమ్మిదో రోజు ఒక పెట్ట నోరు తెరిచి ఊపిరి పీల్చడం మొదలుపెట్టింది. మూడో వారానికి తొమ్మిది మిగిలాయి. మామయ్య గారు చివరి రోజుల్లో చేత్తో గింజలు వేసిన ముసలి పెట్ట కూడా పోయింది. కొన్న జత మాత్రం బతికే ఉంది! చూడటానికి ఆరోగ్యంగా ఉన్న కోడి తెగులు మోసుకుని రాగలదని ఆ రోజు నాకు అర్థమైంది.

సంక్రాంతి తర్వాత నెల రోజులు మా వైపు ఇదే గోల. పందేలు చట్టం ప్రకారం నేరం, ఆ మాట పక్కన పెట్టినా, బరి దగ్గరకి పది మండలాల కోళ్లు చేరి, గాయాలతో మళ్లీ పది మండలాలకి వెళ్తాయి. గెలిచినవీ, ఓడినవీ అన్నీ ఇళ్లకి వెళ్లి, పెరట్లో కోళ్లతో ఒకే ముంతలో నీళ్లు తాగుతాయి. ఆ నెలలో కోడిని కొనకండి, అంతే. కొనక తప్పకపోతే 30 రోజులు విడిగా ఉంచండి. విడిగా అంటే అదే దొడ్లో వేరే గంప కింద కాదు, గాలి తగలనంత దూరంలో. వేరే ముంత, వేరే చెప్పులు. ముందు పాత కోళ్లకి మేత వేసి, ఆఖరున కొత్తవాటి దగ్గరకి వెళ్లండి. ఎంత పేరున్న బ్రీడర్ ఇచ్చినా, మా ఇంటి నుంచి తీసుకెళ్లినా సరే ఇదే పద్ధతి.

టీకాలు పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. 5-7 రోజుల వయసులో లసోటా అనే కొక్కెర టీకా కంట్లో ఒక చుక్క, రెండో వారంలో గంబోరో అనే ఇంకో వైరస్ జబ్బు టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఆరో వారం ప్రాంతంలో మశూచి టీకా, ఎనిమిది వారాలు దాటాక కొక్కెరకే ఇంకో టీకా ఆర్‌2బి చర్మం కింద. ఆ తర్వాత ఆరు నెలలకోసారి మళ్లీ. ఆర్‌2బి తొందరపడి చిన్న పిల్లలకి వేయకండి, అది ఘాటైన టీకా, కాళ్లు పడిపోతాయి. నలతగా ఉన్నదానికీ వేయకండి. వారం ముందు కడుపులో పురుగుల మందు తాగిస్తే మంచిది. సీసాని ఐసు ముక్కల మధ్య తేవాలి. బస్సులో చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చి "టీకా వేసినా చచ్చిపోయాయి" అంటే ఆ తప్పు టీకాది కాదు.

"నాకున్నవి ఎనిమిది కోళ్లక్కా, వంద డోసుల సీసా ఎందుకు" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మా వీధిలో మేం ఏడిళ్లవాళ్లం కలిసి ఒక సీసా తెచ్చుకుంటాం. తెల్లారకముందే, కోళ్లు గంపలు దిగకముందే, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లి గంటలో ముగించేస్తాం. ఇంటికి పడే ఖర్చు రెండు గుడ్ల ధర కూడా ఉండదు.

అపోహ: హేచరీ పిల్లలు బతకవు.

బతకనిది హేచరీ పిల్ల కాదు, తల్లి వేడి లేని పిల్ల. సైకిల్ మీద గులాబీ, ఆకుపచ్చ రంగులు అద్దిన పిల్లల్ని పిల్లవాడు ఏడ్చాడని కొని, అట్టపెట్టెలో పెట్టి పడుకుంటే తెల్లారేసరికి బిగుసుకుపోతాయి. అవి చాలావరకు లేయర్ హేచరీలో అక్కర్లేదని తీసేసిన మగ పిల్లలు. వాటిని చూసి మొత్తం హేచరీలనే తిట్టడం తప్పు. ఒక రోజు పిల్లకి మొదటి వారం దగ్గర దగ్గర 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి కావాలి, తర్వాత వారానికి అయిదు డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. ఈ మధ్య కొత్త తంటా ఒకటి వచ్చింది, అందరిళ్లలో ఎల్ఈడీ బల్బులే. వెలుతురు బ్రహ్మాండంగా ఉంటుంది, వేడి మాత్రం రాదు. పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్ప పడుతున్నాయంటే చలి, బల్బుకి దూరంగా పోయి నోళ్లు తెరుస్తున్నాయంటే వేడి ఎక్కువ. అవే చెబుతాయి, థర్మామీటర్ లేకపోయినా ఫర్వాలేదు. ఇదంతా టెన్షన్ అనిపిస్తే నాలుగైదు వారాలు పెరిగిన పిల్లల్నే కొనుక్కోండి. ఇంట్లో పొదుగుడు నాటు పెట్ట ఉంటే ఇంకా సులువు, రాత్రి చీకట్లో ఒక రోజు పిల్లల్ని దాని కింద నెమ్మదిగా జారవిడిస్తే చాలాసార్లు తన పిల్లలనే అనుకుంటుంది. ఆ పక్క మీద చెయ్యి పెడితే ఎంత వెచ్చగా ఉంటుందో!

అపోహ: జాతి పెట్ట అయితే గుడ్లు ఎక్కువ పెడుతుంది.

ఖరీదు ఎక్కువ కాబట్టి గుడ్లూ ఎక్కువ అనుకుంటారు పాపం. బ్రీడర్ తరాల తరబడి ఎంచుకుంటూ వచ్చింది గుడ్డు కోసం కాదు. అసీల్ అంటే నిలబడే తీరు, పొడుగు కాళ్లు, ఒంటికి అతుక్కున్న బిగుతైన ఈకలు, తల మీద బఠాణీ గింజలు అతికించినట్టుండే చిన్న జుట్టు, ఆ తెగువ. మా పెట్ట ఏడాదికి నలభై గుడ్లు పెడితే నాకు సంతోషం. కానీ పిల్లల తల్లిగా దానికి సాటి లేదు. గుడ్ల కోసమైతే గ్రామప్రియ తెచ్చుకోండి, పెరట్లోనే ఏడాదికి 160 పైన పెడుతుంది. కాస్త మాంసం, కాస్త గుడ్లు కావాలంటే వనరాజ. రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థలో మన పెరళ్ల కోసమే తయారు చేసినవి. వనరాజ పెట్టకి మరీ మేపకండి, కొవ్వు పడితే గుడ్లు తగ్గిపోతాయి.

అపోహ: వనరాజ గుడ్లు పొదిగిస్తే మళ్లీ వనరాజే.

కాదు. అవి వేరువేరు లైన్లు కలిపి తీసిన పిల్లలు, హైబ్రిడ్ విత్తనం లాంటివి. వాటి గుడ్లు పొదిగిస్తే ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా, తల్లి పెట్టినన్ని గుడ్లు పెట్టకుండా వస్తాయి. తినడానికి బాగానే ఉంటాయి, కానీ "వనరాజ పిల్లలు" అని అమ్మకండి. ఇంట్లోనే తరం నిలబెట్టుకోవాలన్న కోరిక ఉంటే దానికి జాతి కోళ్లే సరైనవి. బ్రీడర్‌కి ఇచ్చే డబ్బుకి నిజమైన విలువ ఇక్కడే ఉంది. తల్లినీ తండ్రినీ కళ్లారా చూపించమనండి, చూపించనివాళ్ల దగ్గర కొనకండి. అన్నాచెల్లెళ్లనే కలుపుతూ పోతే గుడ్లు పొదగవు, పిల్లలు నీరసంగా దిగుతాయి, అందుకే రెండేళ్లకోసారైనా బయటి పుంజుని తేవాలి. తెచ్చాక ఆ 30 రోజులు గుర్తుంది కదా.

మిగతావి గబగబా చెప్పేస్తాను. రంగురంగుల ఈకలున్నంత మాత్రాన నాటు కోడి అయిపోదు, సొనాలీ అనే సంకర జాతి పిల్లల్ని నాటువని అమ్మేవాళ్లు ప్రతి సంతలో ఉన్నారు. గోధుమ రంగు పెంకు నాటు గుడ్డుకి గుర్తు కాదు, గ్రామప్రియ గుడ్డూ అదే రంగు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, అవి పొదగవు, అంతే. హేచరీ పిల్లలకి వేసేవి హార్మోన్ ఇంజెక్షన్లు కావు, నేను పైన చెప్పిన టీకాలే. కడక్‌నాథ్ మంచి జాతి, ఝాబువా కడక్‌నాథ్ మాంసానికి 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది, అయినా అది షుగరుకీ బీపీకీ మందు కాదు, వేసుకుంటున్న మాత్రలు ఆపకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కొక్కెర టీకా దానికీ పనిచేస్తుందని ఎవరో పుట్టించారు, పని చేయదు. ఒక్కసారిగా ఎక్కువ కోళ్లు చస్తే కోయకుండా, కాలవలో పారేయకుండా, పశువుల ఆసుపత్రిలో చెప్పండి.

ఆ రాత్రి ఫోన్ చేసిన అమ్మాయికి పధ్నాలుగు కోళ్లలో మూడు మిగిలాయి. గూడు కడిగి, సున్నం కొట్టి, నెల పైన ఖాళీగా ఉంచమన్నాను. తను మళ్లీ పెంచాలనుకుంటే నా దగ్గర ఆరు వారాల గ్రామప్రియ పిల్లలు పది పక్కన పెట్టాను. వాటికి ఆర్‌2బి మా ఏడిళ్లతో పాటే, ఎనిమిది వారాలు నిండాక వచ్చే ఆదివారం తెల్లవారుజామున వేస్తాను, దగ్గరుండి చూడ్డానికి తననీ రమ్మన్నాను.